లాగేవాడు వెనక్కి చూడకూడదు

పడవ ఎక్కితే ఆయన వెనక్కి తిరిగి కూర్చునేవాడు. అందరూ ముందుకు ఎగబడి, గాలికి మొహం పెట్టి, ఫోన్లు పైకెత్తి నిలబడితే ఆయన మాత్రం ఇంజను పొగ వచ్చే చివరికి పోయి, మోకాలి మీద చెయ్యేసుకుని, దాటి వచ్చిన నీళ్ళకేసి చూసేవాడు. ఒకసారి దువ్వాడలో పాసింజరు ఎక్కి ఇద్దరం ఎలమంచిలి వెళ్ళాం. అప్పుడు కూడా అంతే. కిటికీ పక్కన ఎదురు సీటు ఖాళీగా ఉన్నా బండి పోయే దిక్కుకి వీపు పెట్టి కూర్చున్నాడు. ఏటి బావా ఇది అని అడిగాను.

"ముందున్న నీళ్ళు అందరికీ ఒకటేనండి బావగారూ. మన పడవ ఎలాంటిదో వెనకున్న నీళ్ళే చెబుతాయి" అన్నాడు.

రైల్లో నీళ్ళెక్కడివి అన్నాను. అలవాటండి అని నవ్వాడు.

ఆయన పోయాడని నాకు పదహారో రోజున తెలిసింది. అదీ ఒక టీ కొట్టు దగ్గర, ఎవరో ఎవరికో చెబుతుంటే. పాత గాజువాక నుంచి కొత్త గాజువాక దాకా ఏ స్తంభం చూసినా పుట్టినరోజు ఫ్లెక్సీలే. నిన్న మొన్న పుట్టి ఏ పనీ చెయ్యనివాళ్ళు కూడా దండం పెడుతూ నిలబడి ఉంటారు వాటిమీద. ఈ చుట్టుపక్కల చెరువుల్లో, రిజర్వాయర్లలో, హార్బరు మూలల్లో ఇవాళ్టికీ తేలుతున్న పడవల కింది గొట్టాల్లో సగం ఆ మనిషి చేతిమీదుగా అతికినవే. ఆయనకో చిన్న కాగితం ముక్క అంటించినవాడు లేడు. ఎవరి మీద కోప్పడాలో తెలీక టీ కొట్టువాడి మీద కోప్పడ్డాను. అతనేం చేస్తాడు పాపం.

అయినా నాకు చెప్పాలని ఎవరికి మాత్రం తోస్తుంది? తొమ్మిదేళ్ళుగా మేం మాట్లాడుకోవడం లేదు.

ఆయన పేరు రాయను. తను కట్టిన పడవ మీద కూడా పేరు రాయనిచ్చేవాడు కాదు. పెయింటు నీటి కింద పొరలా లేచి పడవని ఆపుతుందనేవాడు. అది వేళాకోళమో నిజమో నాకిప్పటికీ తెలీదు.

నేను లారీలు తూచే కాటా దగ్గర ముప్ఫై ఏళ్ళు పనిచేశాను. ఏడో తరగతిలో బడి మానేశాను గాని చదువు మానలేదు. లైబ్రరీలో దొరికిన ప్రతి లెక్కల పుస్తకం, యంత్రాల పుస్తకం నోట్సు రాసుకుంటూ చదివాను. మునిగిన గొట్టం ఎన్ని నీళ్ళు తొలగిస్తే ఎంత బరువు మోస్తుందో నోటిలెక్కతో చెప్పగలను. ఒకరోజు ఒక లారీ మీద రెండు పొడవాటి ఇనుప గొట్టాలు వేసుకుని ఒక మనిషి వచ్చాడు. ఒక కాలు ఈడుస్తూ దిగి, కాటా పలక మీద మునివేళ్ళతో తట్టి, "లోపలి గాలి కూడా తూస్తారా అండి?" అన్నాడు.

గాలికి బరువుంటుందని నేను మొదలెట్టాను. ఎంతుంటుందో కూడా చెప్పాను. లారీ వెనక ఇంకో ఆరు లారీలు హారన్లు కొడుతున్నాయి. ఆయన పూర్తిగా విన్నాడు. జీవితంలో నా మాట పూర్తిగా విన్న మొదటి మనిషి. చుట్టరికం ఏమీ లేకపోయినా ఆనాటి నుంచే బావా అని వరస కలుపుకున్నాం.

గోదావరి అవతలి వాడు. వాళ్ళ నాన్న రేవులో పంటు నడిపేవాడట. మనుషుల్ని, సైకిళ్ళని, గేదెల్ని ఆ ఒడ్డు నుంచి ఈ ఒడ్డుకి దాటించే పంటు. ఈయన ఆ పంటు మీదే పెరిగి, కొయ్యపని, తరవాత ఇనుపపని నేర్చి, ఓడల రిపేర్లకని ఈ ఊరొచ్చాడు. ఒక రేకు జారి మడమ మీద పడి కాలు పాడయ్యాక గాజువాక వెనక ఒక షెడ్డు వేసుకున్నాడు. కంట్రాక్టర్లు వచ్చి పాంటూన్ బోటు కావాలనేవారు. "పంటు అనండి, పోద్ది" అనేవాడు. రెండు గొట్టాలు పక్కపక్కన పడుకోబెట్టి, పైన పలక పరిస్తే పంటు. అంతకన్నా ఏమీ లేదన్నట్టు చెప్పేవాడు. కానీ ఆ రెండు గొట్టాల గురించి మాట్లాడటానికి ఆయనకి మా పదకొండేళ్ళ స్నేహం చాలలేదు.

రేకు నున్నగా ఉందో లేదో చేతి వెనక వైపుతో తడిమి చూసేవాడు. అరచెయ్యి పనిచేసి పనిచేసి మొద్దుబారిపోయిందండి, అది అబద్ధం చెబుద్ది అనేవాడు. గొట్టం లోపల అడ్డగోడలు పెట్టి గదులుగా విడదీసేవాడు, ఒక గది చిల్లిపడి నిండినా మిగతావి మోస్తాయని. అతుకు పూర్తయ్యాక చెవి ఆనించి వేలి కణుపుతో తట్టుకుంటూ ఈ కొస నుంచి ఆ కొసకి పోయేవాడు. నేను పలకరిస్తే చెయ్యి అడ్డం పెట్టేవాడు, ఉండండి, మూడో గదిలో ఉన్నాను అని.

భోజనం హోటల్లో ఒకసారి మా ఇద్దరికీ పెద్ద వాదన. గొట్టాల మధ్య దూరం ఎంతుండాలని. ఆయన కంచంలో చారు పోయించుకుని రెండు వేళ్ళు ముంచాడు. దగ్గరగా పెట్టి ముందుకు లాగాడు. వేళ్ళ మధ్య చారు కుప్పగా లేచింది. ఎడంగా పెట్టి లాగాడు. మధ్యలో చారు కదలకుండా పడుకుంది. ప్రతి గొట్టం ముక్కూ నీటిని పక్కకి తోస్తుంది కదా, ఆ తోసిన అలలు రెండూ ఇరుకులో ఎదురుపడితే గుట్టలా లేస్తాయి, పడవ ఆ గుట్టని మోసుకుంటూ నడవాలి. ఎడం ఉంటే ఆ అలలు కలుసుకునేలోపే పడవ దాటిపోతుంది. ఇదీ ఆయన చెప్పింది.

"మధ్యలో ఉన్న నీళ్ళే మూడో పడవండి బావగారూ. దాన్ని మనం కట్టలేం. దారి ఇవ్వాలంతే."

వడ్డించేవాడు వచ్చి, చారు తాగడానికా ఆడుకోడానికా అన్నాడు. ఈయన శుభ్రంగా వేళ్ళు నాకి, ఇంకాస్త పొయ్యమన్నాడు.

ఆయన పద్ధతి ఒకటుండేది. ఏ పడవకైనా ముందు మూరెడు బొమ్మ చేసేవాడు. ఒక్కటి కాదు, రెండు, రెండు రకాలుగా. షెడ్డు వెనక ఏదో రోడ్డుకని మట్టి తవ్వుకుపోయిన పొడవాటి గుంట ఉండేది. రోడ్డు రాలేదు, నీళ్ళొచ్చాయి. ఒక వెదురు గెడ, గెడ చివర తాడు, తాడుకి ఒక అడ్డకర్రని సరిగ్గా నడిమికి కట్టి, ఆ కర్ర రెండు కొసలకీ చెరో బొమ్మ. గెడని నీటి మీదకి చాచి పట్టుకుని ఒకరు గట్టు మీద నడవాలి. ఏ బొమ్మని నీళ్ళు ఎక్కువ ఆపుతాయో ఆ కొస వెనక్కి వాలుతుంది. కాలేజీల్లో దీనికి గది కట్టి మీటర్లు పెడతారట. ఆయనది కావిడంత సరంజామా. ఆ కర్ర ఏనాడూ తప్పు చెప్పగా నేను చూళ్ళేదు.

చూళ్ళేదు అని రాశాను గాని అసలు నేను చూసిందే లేదు. ఆ పద్ధతికి ఇద్దరు కావాలి. నడిచేవాడు వెనక్కి తిరిగితే భుజం తిరుగుతుంది, గెడ ఊగుతుంది, కర్ర వాలు చెడుతుంది. అందుకని లాగేవాడు వెనక్కి చూడకూడదు. అది మొదటి నియమం. ఆయన కాలు ఈడుస్తాడు కాబట్టి లాగేది ఎప్పుడూ నేనే. నా నడక కాటా ముల్లులా ఉంటుందనేవాడు, ఒణుకు లేకుండా. నేను గట్టు చివరిదాకా నడిచి, ఆగి, గెడ దించకుండా నిలబడేవాణ్ణి. వెనక నుంచి ఆయన మాట వచ్చేది. ఎడంవైపుది మంచిదండి. కుడివైపుది ముక్కు ముంచుతోందండి. ఆ మాట విన్నాకే తిరిగేవాణ్ణి. పదకొండేళ్ళు ఎన్ని బొమ్మలు లాగానో లెక్కలేదు. ప్రతిసారీ నా వీపుకే చెప్పాడు ఫలితం.

తొమ్మిదేళ్ళ కిందట ఒక కంట్రాక్టరు వచ్చాడు. రిజర్వాయర్లో అల్లుకున్న గుర్రపుడెక్క తీసి ఒడ్డుకి మోసే పడవ కావాలి. నేను అప్పటికి రిటైరై రోజంతా షెడ్డులోనే ఉంటున్నాను. ఈసారి నేను డిజైను చేస్తాను బావా అన్నాను. మీరు చెయ్యకపోతే ఎవరు చేస్తారండి అన్నాడు. పదిహేను రోజులు కూర్చున్నాను. బరువుల లెక్క వేశాను. గొట్టాలు బాగా దగ్గరకి జరిపాను. సన్నంగా ఉంటే డెక్కలోకి దూరుతుంది, లారీ మీద పడుతుంది, పలక తక్కువ పడుతుంది. కంట్రాక్టరు వెంట ఒక ఇంజనీరు కుర్రాడొచ్చాడు, చంకలో లాప్‌టాప్. నా నోట్సు తీసుకుని తన మిషన్లో కొట్టి చూసి, "పెద్దాయన లెక్క కరెక్టే సార్, కేజీ తేడా రాలేదు" అన్నాడు.

ఆ ముక్క విన్నప్పుడు నాకేమైందో ఇప్పుడు చెప్పుకోవాలి. డిగ్రీ ఉన్నవాడు నా లెక్కని కరెక్ట్ అనడం బతుకులో అదొక్కసారే. ముప్ఫై ఏళ్ళు ఆఫీసర్లు నన్ను కాటా దగ్గరి మనిషి అన్నారు. పేరుతో పిలిచినవాడు లేడు. నేను చెప్పిన తప్పుల్ని వాళ్ళ తెలివిగా ఫైళ్ళలో రాసుకున్నారు. ఆ కుర్రాడి మాటతో అదంతా తుడిచిపెట్టుకుపోయిందనుకున్నాను.

ఈయన మాత్రం నా కాగితం చేతి వెనక వైపుతో తడిమి, తేలుద్దండి, బాగా తేలుద్ది అని, లాగి చూద్దాం అన్నాడు. నా డిజైను ఒక బొమ్మ, గొట్టాలు ఎడంగా ఉన్నది తనదొక బొమ్మ చేశాడు. నాదానికి ఎర్ర రంగు వేశాను. తూచింది నేనే. రెండూ ఒకే బరువు. ఆ సాయంత్రం గుంట దగ్గర కంట్రాక్టరు, ఆ కుర్రాడు, ఇద్దరు వెల్డర్లు కూడా ఉన్నారు గాని వాళ్ళు షెడ్డు నీడలోనే నిలబడ్డారు. నేను గెడ పట్టుకుని నడిచాను. చివర ఆగాను. మాట రాలేదు. ఎంతకీ రాలేదు.

"నాదెలాగుందేటి బావా?" అన్నాను తిరక్కుండానే.

"మీదే వెనకబడిందండి."

ఇంకోసారి లాగాను. అదే మాట. మూడోసారి లాగాను. అదే మాట, ఇంకా మెల్లగా. అప్పుడు తిరిగాను. బొమ్మలు రెండూ ఆగిన నీటిలో పక్కపక్కనే తేలుతున్నాయి. అమాయకంగా, ఏ తేడా లేకుండా.

"సూసీవోడివి నువ్వే, సెప్పీవోడివీ నువ్వే. పక్కనున్నది నీ పడవ. నానెలా నమ్మీది?" అన్నాను.

ఆయన మొహంలోకి కోపం రాలేదు. "మీరు ముప్ఫై ఏళ్ళు ఆగినదాన్నే తూశారండి బావగారూ. నడిచేదాని సంగతి వేరు" అని, కాలు ఈడ్చుకుంటూ గట్టెక్కి వచ్చి నా చేతిలో గెడ పట్టుకున్నాడు. "పోనీ నేను లాగుతాను. మీరు అక్కడ కూర్చుని చూడండి."

కూర్చుని చూస్తే అయిపోయేది. కానీ షెడ్డు నీడలో ఆ కుర్రాడు మాకేసే చూస్తున్నాడు.

"నీ కుంటికాల్తో నువ్వు లాగితే ఏటి తెలుస్తాది? రెండూ కుంటుతాయి" అన్నాను.

వెల్డర్లలో ఒకడు నవ్వాడు. ఆయన గెడ వదిలేశాడు. అది నా చేతిలోంచీ జారింది. నీటి మీద పడిన గెడని తీసుకోడానికి వంగబోయి, కాలు మడవలేక, అలాగే సగం వంగి ఆగిపోయాడు. నేనూ వంగలేదు.

కంట్రాక్టరుకి నా డిజైనే నచ్చింది. కట్టింది ఆయనే. ఆ పనికి నేను వెళ్ళలేదు గాని నీటిలో దించిన రోజు చూశాను. ఒక్క అతుకు వంకర లేదు, ఒక్క చుక్క నీరు లోపలికి పోలేదు. తనది కాని పడవని తనదానికంటే శుభ్రంగా కట్టాడు. నన్ను పలక మీద ముందు నిలబెట్టి దండ వేశారు. పడవ కదిలింది. నేను ముందుకే చూశాను. ఆయన ఒడ్డున నిలబడి మేం దాటిపోయిన నీళ్ళు చూస్తున్నాడని నాకు తెలుసు. ఆ పొద్దున్న తిరిగి చూడాలంటే మెడ ఒక్కటి తిప్పితే చాలు.

ఆ పడవ నడిచింది, నడవలేదని కాదు. కూలీలు దానికి దున్న అని పేరు పెట్టారట. పలక సందుల్లోంచి నీళ్ళు లేచి కాళ్ళు తడిసేవట. ఇంజను చిన్నదన్నాను నేను. పెద్ద ఇంజను పెట్టారు. అది ఇంకా ఎక్కువ నీళ్ళు లేపింది. డ్రైవరుకి చేతకాదన్నాను. డెక్క వెనకవైపు ఎక్కిస్తున్నారన్నాను. తొమ్మిదేళ్ళలో నేను తిట్టనివాడు లేడు. రిజర్వాయరుని కూడా తిట్టాను.

ఒక్కసారి ఎదురుపడ్డాం. దువ్వాడ ప్లాట్‌ఫారం మీద. ఆయన బెంచీ మీద కూర్చుని, వెళ్ళిపోయిన బండి వైపు చూస్తున్నాడు. నన్ను చూసి చెయ్యి సగం ఎత్తాడు. నేను రైళ్ళ బోర్డు చదవడం మొదలెట్టాను. నాకు కంఠస్థం వచ్చిన బోర్డు అది. మొదటి లైను నుంచి చివరిదాకా చదివి తిరిగేసరికి బెంచీ ఖాళీగా ఉంది.

టీ కొట్టు దగ్గర విన్న మర్నాడు ఆవిడ ఫోన్ చేసింది, ఆయన భార్య. నా నంబరు షెడ్డు గోడ మీద పెన్సిలుతో రాసి ఉందిట, ఆయన చెరపలేదుట. షెడ్డు ఖాళీ చేస్తున్నాం అన్నయ్యగారూ, మీదొకటి ఉంది, వచ్చి తీసుకెళ్ళండి అంది. వెళ్ళాను. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది. గోడకి రెండు మేకుల మీద గెడ, తాడు, అడ్డకర్ర. కర్ర ఒక కొసకి నా ఎర్ర బొమ్మ, రెండో కొసకి ఆయనది. ఆ సాయంత్రం ఎలా కట్టామో అలాగే.

"ఆ తరవాత ఎవరిచేతా లాగించలేదండి. లాగకుండా ఉత్తినే కంటితో చూసుకుని కట్టేవారు. అడిగితే, నడిచే మనిషి లేడు అనేవారు" అంది.

గుంట సగం పూడ్చేశారు. కూలిన గోడల చెత్త పోశారు. మిగిలిన సగంలో నీళ్ళున్నాయి. నేను అక్కడే తేల్చుకోవాలనుకున్నాను. ఎవరినైనా పిలిచి చూడమనొచ్చు. ఎవరిని పిలవను? ఈ సంగతి మొదటి నుంచి చెప్పాలి, చెప్పినా ఆ ఒక్క మాట వాళ్ళ నోటితో వినలేను. గట్టు ఈ కొసని రెండు ఇటుకలు పేర్చి, ఫోన్ ఆనించి, వీడియో నొక్కి, గెడ చాచి నడిచాను. నలభై అడుగులు. నా మోకాళ్ళు రెండేళ్ళ కిందటే పోయాయి. కుడికాలు ఆగి ఆగి పడుతుంది. వెనక్కి చూడలేదు.

తిరిగొచ్చి ఫోన్ తీసుకుని, అక్కడే గట్టు మీద కూర్చుని, ఎండకి తువ్వాలు అడ్డం పెట్టుకుని వీడియో చూశాను.

ముందు నా వీపు కనబడింది. చొక్కా వెనక అంచు మడతపడి పైకి లేచి ఉంది. ఎప్పుడూ అలాగే ఉంటుందేమో, ఆయన ఏనాడూ చెప్పలేదు. మనిషి కుంటుతున్నాడు. ఒక్కో అడుగుకీ గెడ ఊగుతోంది, కర్ర ఇటూ అటూ కొట్టుకుంటోంది. ఏమీ తెలియదనుకున్నాను. రెండోసారి పెట్టి చూశాను. ఎంత ఊగినా, ప్రతి ఊపు తరవాతా, కర్ర ఎర్ర బొమ్మ వైపే వెనక్కి వాలుతోంది. ఎర్ర బొమ్మ గొట్టాల నడుమ నీళ్ళు కుప్పగా లేస్తున్నాయి, ఆ రోజు కంచంలో చారులాగే. ఆయనది పక్కన సాఫీగా పోతోంది. తేడా జానెడు. చిన్నపిల్లాడు చూసినా చెబుతాడు.

అంటే కుంటుతూ లాగినా తెలుస్తుంది. ఆ సాయంత్రం ఆయన చేతికి గెడ ఇచ్చి ఇదే గట్టు మీద కూర్చుని ఉంటే నాకు కనబడేది.

వీడియో అక్కడితో అయిపోలేదు. నేను నడక ముగించి వెంటనే వచ్చి ఫోన్ ఆపాననుకున్నాను. తెర మీద మనిషి గట్టు చివరికి పోయి ఆగాడు. గెడ దించలేదు. బొమ్మలు వాటంతటవి దగ్గరకొచ్చి, నీళ్ళు సర్దుకుని, అలలన్నీ పోయాయి. అయినా అతను తిరగలేదు. గెడ చాచి పట్టుకుని, వెనక నుంచి మాట రావాలని, అలాగే నిలబడి ఉన్నాడు.